పుప్పొడితో పాటు సీసమూ...

తేనె బాగానే ఉంటోంది. ఈగే బాగుండటం లేదు. గాలిలో, నీటిలో, పూలలో చేరిన లోహాలు తేనెటీగ ప్రాణం తీయకుండానే దాని పనితనాన్ని మింగేస్తున్నాయి.

తేనె సీసా కొన్న ప్రతి తెలుగింట్లోనూ ఏదో ఒక పరీక్ష జరుగుతుంది. గ్లాసుడు నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా అడుక్కి దిగాలని ఒకరంటారు. తేనెలో ముంచిన అగ్గిపుల్ల గీస్తే వెలగాలని ఇంకొకరు. అసలైన తేనెను కుక్క ముట్టదని మరొకరు. వీటిలో దేన్నీ నమ్మడానికి లేదు. చిక్కటి పంచదార పాకమైనా నీళ్లలో అలాగే అడుక్కి దిగుతుంది. ఆ సంగతి అలా ఉంచితే, మన పరీక్షలన్నీ కల్తీ చుట్టూనే తిరుగుతాయి. ఆ తేనె ఏ గాలి పీల్చిన ఊరిదో మనం అడగం.

కెనడాలోని వాంకూవర్‌లో అడిగారు. అక్కడి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో అప్పట్లో పరిశోధన చేసిన కేట్ స్మిత్, డొమినిక్ వైస్ భూరసాయన శాస్త్రవేత్తలు. రాళ్లలో, అగ్నిపర్వతాల లావాలో లోహాల జాడ తీయడం వాళ్ల పని. అదే పరికరాలతో నగరంలోని తేనె పెట్టెల నుంచి తెచ్చిన తేనెను పరీక్షించి, ఫలితాలను 2019లో ప్రకటించారు. ట్రాఫిక్, ఓడరేవు, రైల్వే యార్డు ఉన్న నగర నడిబొడ్డుకు దగ్గరయ్యేకొద్దీ తేనెలో సీసం, జింకు, రాగి పెరిగాయి. అంతటితో ఆగలేదు. సీసానికి నాలుగు స్థిరమైన ఐసోటోపులుంటాయి. సీసం ఏ గనిలో పుట్టిందన్నదాన్ని బట్టి వాటి నిష్పత్తి మారుతుంది. నగర కేంద్రంలోని తేనెలో దొరికిన సీసం ఆ నేలలో సహజంగా ఉండే సీసంతో సరిపోలలేదు. అంటే అది మనుషుల చేతుల మీదుగా వచ్చిందే.

అదే ఏడాది ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ చర్చి తగలబడింది. దాని కప్పులో, శిఖరంలో వందల టన్నుల సీసం ఉంది. చర్చి పక్క భాగం కప్పు మీద మూడు తేనె పెట్టెలుండేవి. మంటలు ఆరాక చూస్తే ఆ ఈగలు బతికే ఉన్నాయి. ప్రపంచమంతా ఆ వార్త చదివి సంతోషించింది. అసలు కథ ఆ వేసవి తేనెలో బయటపడింది. మంటల పొగ సాగిన దిక్కున ఉన్న పెట్టెల తేనెలో సీసం సగటున కిలోకు 23 మైక్రోగ్రాములు తేలింది. అగ్నిప్రమాదానికి ముందు పారిస్ తేనెలో అది 9 మైక్రోగ్రాములే. అన్నిటికంటే ఎక్కువగా, చర్చికి పడమటగా 5 కిలోమీటర్లలోపు ఉన్న ఒక పెట్టెలో 80 వచ్చింది. తేనెలో సీసానికి ఐరోపా సమాఖ్య పెట్టిన గరిష్ఠ పరిమితి కిలోకు 100 మైక్రోగ్రాములు. అంటే ఆ తేనె కూడా తినడానికి పనికొచ్చేదే. వాంకూవర్ తేనె అయితే ఒక మనిషి రోజుకు 600 గ్రాములకు మించి తింటే తప్ప హద్దు దాటదని లెక్క కట్టారు. అంత తేనె తినేవాడికి సీసం కంటే ముందు చక్కెర జబ్బే వస్తుంది.

ఇక్కడితో పత్రికలు సాధారణంగా కథ ముగిస్తాయి: 'తేనె సురక్షితం.' నా ఉద్దేశంలో కథ మొదలయ్యేది ఇక్కడే. పూలలోంచి, గాలిలోంచి అంత లోహం పట్టులోకి వచ్చి, తేనెలో అంత తక్కువ తేలిందంటే మిగతాది ఎక్కడుంది?

ఈగ ఒంట్లో ఉంది. ఒంటి మీదా ఉంది.

మూడు మిలియన్ల వెంట్రుకలు

తేనెటీగ ఒంటి మీద దాదాపు 30 లక్షల వెంట్రుకలుంటాయి. ఎగిరేటప్పుడు గాలి రాపిడికి ఒంట్లో విద్యుదావేశం పుడుతుంది. పువ్వు మీద వాలబోయేసరికి పుప్పొడి దానంతట అదే ఎగిరి వచ్చి అంటుకుంటుంది. ప్రకృతి పుప్పొడి కోసం చేసిన ఈ ఏర్పాటు దుమ్ముకూ అంతే బాగా పనిచేస్తుంది. బ్రేకులు అరిగి రాలిన రాగి రజను, టైర్ల జింకు, కొలిమి పొగలోని సీసం... వెంట్రుకలకు పుప్పొడి ఏదో, రజను ఏదో తెలియదు.

ఇటలీలో ఇలారియా నెగ్రి బృందం సార్డీనియా దీవిలోని సీసం-జింకు గనుల ప్రాంతంలో ఈగలను పట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది. లోహపు రేణువులు ఒళ్లంతా సమానంగా పరుచుకుని లేవు. ముందు రెక్కల అంచు మీద, తల నడినెత్తిన, వెనక కాళ్ల లోపలి వైపు గుమిగూడి ఉన్నాయి. గాలిని చీల్చుకుంటూ వెళ్లేది రెక్క అంచూ తలా కాబట్టి అక్కడ సరే. వెనక కాళ్ల లోపలి వైపు ఎందుకంటే, ఈగ ఒళ్లంతా దువ్వుకుని పుప్పొడిని చేర్చేది అక్కడికే. అలా దువ్వి ముద్ద చేసిన పుప్పొడిని పట్టులోకి తీసుకెళ్లి పిల్ల ఈగల మేతకు వాడతాయి. దానితో పాటు దుమ్మూ గూటికి చేరుతుంది.

ఇక నీళ్లు. వేసవిలో పట్టును చల్లబరచడానికి ఈగలు నీళ్లు మోసుకొస్తాయి. పంపు కింద శుభ్రమైన నీళ్లుండగా పక్కనే ఉన్న బురద గుంట మీద వాలడం చూసే ఉంటారు. పూలతేనెలో దొరకని లవణాలు వాటికి మురికి నీటిలో దొరుకుతాయి. మన కాలువల్లో, గుంటల్లో లవణాలతో పాటు ఇంకేమేం ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

మేతకు బయల్దేరిన ఈగ మామూలుగా ఒకటి నుంచి మూడు కిలోమీటర్లు తిరుగుతుంది. అవసరమైతే ఇంకా దూరం పోతుంది. ఒక్క పట్టులో వేల ఈగలు. ఇన్ని వేల ప్రాణులు రోజూ ఇంత మేర తిరిగి తెచ్చిన మకరందం వాటి తేనె సంచిలో వడపోతకు గురవుతుంది. లోహాల్లో ఎక్కువ భాగం ఈగ శరీరంలో, మైనంలో, పుప్పొడిలో నిలిచిపోయి, తేనెలోకి కొద్దిగానే దిగుతుంది. మనం తినే తేనె శుభ్రంగా ఉండటానికి ఆ భారం ఈగ మోస్తోందన్నమాట.

వాసన మారితే తికమక

మోస్తే మోయనీ, చావడం లేదుగా అనిపించవచ్చు. చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే చూశారు. ఎంత మోతాదుకు ఈగ చస్తుంది? అదే కొలత. పొలంలో, వీధిలో ఉండే మోతాదులు దానికి చాలా దిగువన ఉంటాయి కాబట్టి లోహాల మీద పెద్దగా దృష్టి పడలేదు.

ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో కోలిన్ మోన్షానాన్, మాథ్యూ లిహోరో, ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ బ్యారన్ కలిసి కొలతబద్ద మార్చారు. ఈగ బతికిందా అని కాకుండా, ఈగ నేర్చుకుంటోందా అని చూశారు.

ఆ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ఈగను కాసేపు చల్లబరిచి, మత్తుగా ఉన్నప్పుడు తల ఒక్కటే బయటికి ఉండేలా చిన్న గొట్టంలో బిగిస్తారు. తెలివి వచ్చాక ఒక వాసన ఊదుతారు. వెంటనే మీసాలకు చక్కెర నీళ్లు తాకిస్తారు. ఈగ నాలుక చాపుతుంది, ఒక చుక్క అందిస్తారు. రెండు మూడుసార్లయ్యేసరికి చక్కెర నీళ్లు లేకపోయినా ఆ వాసనకే నాలుక చాపుతుంది. పాఠం వచ్చేసింది! రెండో వాసన ఊదినప్పుడు ఏమీ పెట్టరు. దానికి నాలుక చాపకూడదని కూడా నేర్చుకుంటుంది. ఆ తర్వాత తిరకాసు పెడతారు. చక్కెర ఇచ్చిన వాసనకు ఇవ్వడం మానేసి, ఇవ్వని దానికి ఇస్తారు.

పది వారాల పాటు అతి స్వల్పంగా సీసం కలిపిన మేత పెట్టిన పట్టుల్లోని ఈగలు ఇక్కడే తడబడ్డాయి. పాత వాసనకే నాలుక చాపుతూ ఉండిపోయాయి, మూతబడ్డ కొట్టు ముందు రోజూ సంచీ పట్టుకుని నిలబడ్డట్టు. ఆ ఈగల తలలు కూడా మామూలు ఈగల తలల కంటే చిన్నవిగా ఉన్నాయి. 2021లో వెలువడిన ఇదే బృందం మరో పరిశోధనలో ఆర్సెనిక్, రాగి, సీసం విడివిడిగా కూడా నేర్చుకునే శక్తిని దెబ్బతీస్తాయని, కలిస్తే ఆ నష్టాలు కూడుకుంటాయని తేలింది.

గొట్టంలో బిగించిన ఈగకు వాసన గుర్తుండకపోతే ఏమిటట అనుకోకండి. మన ఊళ్లోనే చూడండి. వేప పూత అయిపోతుంది, కానుగ మొదలవుతుంది. రేగు పూత వెళ్లాక కుంకుడు పూస్తుంది. నువ్వు చేను పూత రాలిన మర్నాటి నుంచి ఆ చేనుకు వెళ్లడం దండగ. తేనెటీగ బతుకంతా నిన్నటి పాఠం చెరిపేసి ఇవాళ్టి పాఠం రాసుకోవడమే. వేసవిలో కూలీ ఈగ ఆయుష్షు ఆరు వారాలు. అందులో మేతకు తిరిగేది చివరి రెండు మూడు వారాలే. ఆ కాస్త వ్యవధిలో కొత్త పూలను పట్టుకోవడం ఆలస్యమైతే, ఆ లోటు పూడ్చుకునే అవకాశం దానికి మళ్లీ రాదు.

మాంగనీసు ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. ఐరిక్ సోవిక్, బ్యారన్ తదితరులు 2015లో ప్రచురించిన పరిశోధనలో మాంగనీసు కలిపిన మేత తిన్న ఈగలు వయసు రాకముందే మేతకు బయల్దేరాయి. బయల్దేరినా, జీవితం మొత్తం మీద తక్కువసార్లే తిరిగాయి. పట్టులో లేత ఈగలకు ఇంటిపని ఉంటుంది: పిల్లల్ని మేపడం, మైనం కట్టడం, గూడు శుభ్రం చేయడం. ముదిరిన ఈగలకే బయటి పని. లేతవి ముందే బయటపడితే లోపల పిల్లలకు మేత పెట్టే దిక్కుండదు, బయట తెచ్చేదీ తక్కువే. మాంగనీసు గనులంటే మనకు దూరపు మాట కాదు. విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతం వంద సంవత్సరాలకు పైగా ఆ ఖనిజాన్ని తవ్వుతూనే ఉంది.

రుచి చూసి వదిలేస్తుందిలే అనుకోవడానికీ లేదు. పరిసరాల్లో నిజంగా ఉండే మోతాదుల్లో లోహాన్ని తేనెటీగ పసిగట్టలేదని మోన్షానాన్ బృందమే తేల్చింది. కాలిఫోర్నియాలో సెలీనియం మీద క్రిస్టెన్ హ్లడున్ చేసిన పనిలోనూ ఇదే కనిపించింది. అదే హ్లడున్ 2016లో మొత్తం పట్టుల మీదే పరీక్ష పెట్టారు. రాగి తిన్న పట్టుల్లో మూతపడిన గదుల్లోని పిల్లలు ఎక్కువగా చచ్చాయి. సెలీనియం తిన్న పట్టుల్లో కూలీ ఈగల మొత్తం బరువు తగ్గింది. సీసం మాత్రం పట్టు నిండా పేరుకున్నా పట్టు పడిపోలేదు.

మొత్తం మీద నాకు ఎక్కువ భయం వేసింది ఈ చివరి ఫలితం చూసే. పెట్టె మూత తీసి చూసిన పెంపకందారుకు ఈగలు నిండుగానే కనిపిస్తాయి. లోపల వేల బుర్రలు మందగించాయని ఆయనకెలా తెలుస్తుంది? ఓ రోజు పెట్టె ఖాళీ అవుతుంది. 'ఈగలు లేచిపోయాయి' అంటారు. మైనపు పురుగును తిడతారు, చీమల్ని తిడతారు, పక్క చేలో కొట్టిన పురుగుమందును తిడతారు. వాటిలో నిజమూ ఉంటుంది. లోహం పేరు మాత్రం ఆ జాబితాలోకి ఎన్నడూ రాదు.

బెంగళూరు ఈగలు

ఇవన్నీ పెట్టెల్లో పెంచే విదేశీ ఈగల కథలు. మన ఈగ సంగతి బెంగళూరు చెప్పింది.

అక్కడి జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో గీతా తిమ్మేగౌడ, షానన్ ఓల్సన్ తదితరులు చేసిన పరిశోధన 2020లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. వాళ్లు ఎంచుకున్నది మన కొండ తేనెటీగను. పెద్ద చెట్ల కొమ్మలకు, అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్ల కింద, నీళ్ల ట్యాంకుల అడుగున ఒకే పెద్ద పట్టు వేలాడదీసే ఈగ ఇదే. దీన్ని పెట్టెలో పెంచడం కుదరదు. నల్లమలలో చెంచులు, మన్యంలో గిరిజనులు కొండ చరియల మీద నుంచి తీసి తెచ్చేది దీని తేనే. మన దేశంలో ఉత్పత్తయ్యే తేనెలో పెద్ద వాటా దీనిదే.

గ్రామీణ ప్రాంతం మొదలుకుని బాగా కలుషితమైన ప్రాంతం దాకా నాలుగు చోట్ల, ఇళ్ల ముందు పెంచే టెకోమా పసుపు పూల మీద వాలే ఈగలను గమనించారు. గాలిలో ధూళి పెరిగేకొద్దీ పూల మీద వాలే ఈగలు తగ్గాయి. వాలినవాటిని పట్టి ప్రయోగశాలకు తెచ్చారు. ఒక మోస్తరు కాలుష్యం, అధిక కాలుష్యం ఉన్న చోట్ల పట్టినవాటిలో 80 శాతానికి పైగా 24 గంటల్లో చచ్చిపోయాయి. మైక్రోస్కోపులో చూస్తే ఒళ్లంతా సూక్ష్మధూళి, అందులో సీసం, ఆర్సెనిక్ వంటివి. గుండె కొట్టుకునే లయ మారింది, రక్తకణాల లెక్క మారింది, ఒత్తిడికీ రోగనిరోధక శక్తికీ సంబంధించిన జన్యువుల పనితీరు మారింది. అధ్యయనం చేసిన ఈగలు 1800కు పైనే.

ఒక మాట మాత్రం నిజాయతీగా చెప్పాలి. బెంగళూరు ఈగల్ని చంపింది లోహమే అని ఆ పరిశోధన అనలేదు. నగరపు ధూళిలో మసి ఉంటుంది, డీజిల్ పొగ ఉంటుంది, సిమెంటు ఉంటుంది. లోహం వాటిలో ఒకటి. కానీ టులూజ్ ప్రయోగశాలలో విడదీసి చూసినదాన్నీ, బెంగళూరు వీధిలో కలగలిపి చూసినదాన్నీ పక్కపక్కన పెడితే లోహాన్ని నిర్దోషిగా వదిలేయడం కష్టం.

బెంగళూరు ఈగే హైదరాబాద్‌లోనూ ఉంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో ఆర్సెనిక్‌తో సహా పలు విషలోహాలు సహజ స్థాయిని మించి ఉన్నాయని ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. నక్కవాగు పొడవునా ఏం పారిందో ఆ చుట్టుపక్కల రైతులకు ఏ పత్రికా చెప్పాల్సిన పని లేదు. మట్టిలోని లోహం మొక్క వేర్ల ద్వారా పువ్వుకు చేరుతుంది, అక్కడ వాలేది ఈగే.

ఫ్యాక్టరీలదే తప్పని చేతులు దులుపుకుంటే కుదరదు. పొలంలో మనం చల్లేవాటిలోనూ లోహం ఉంది. బత్తాయి చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టు, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం, మిరప తోటల్లో తెగుళ్లకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్... అన్నిటిలోనూ రాగే. తెగులుకు మందు కావాలి, కాదనను. పూత మీద, ఈగలు తిరిగే పొద్దున పూట కొట్టడమే తప్పు. పొద్దుతిరుగుడు రైతుకు ఈ మాట త్వరగా అర్థమవుతుంది. ఈగ వాలని పువ్వులో తాలు గింజలే మిగులుతాయని ఆయనకు తెలుసు.

ఈగ సాక్ష్యం

అమెరికా వాయవ్య తీరంలో ప్యూజెట్ సౌండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి టకోమాలో ఆర్సెనిక్ ఎక్కువున్న రాగి ముడిఖనిజాన్ని కరిగించే ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు నడిచింది. మోంటానా విశ్వవిద్యాలయానికి చెందిన జెర్రీ బ్రోమెన్‌షెంక్ ఆ ప్రాంతంలో కాలుష్యాన్ని కొలవడానికి ఖరీదైన యంత్రాలు పెట్టలేదు. ఇళ్లలో సరదాకి ఈగలు పెంచుకునేవాళ్లను అడిగారు. వాళ్లు తమ పెట్టెల నుంచి ఈగలను పట్టి ఇచ్చారు. వాటిలోని ఆర్సెనిక్, కాడ్మియం, ఫ్లోరైడ్ లెక్కలతో ఏ మేరకు ఏ విషం పరుచుకుందో పటం గీశారు. 1985లో 'సైన్స్' పత్రిక దాన్ని ప్రచురించింది. ఇటలీలోని బొలోన్యాలో జోర్జో చెల్లి, క్లాడియో పొర్రీని కూడా ఏళ్ల తరబడి ఈగల ద్వారా పర్యావరణాన్ని కొలిచారు.

మన దగ్గర దీనికి లేనిదేమిటి? మట్టిలో లోహాల్ని పీపీఎంలలో కొలవగల సంస్థ ఉప్పల్‌లో ఉంది. రాజేంద్రనగర్‌లో, బాపట్లలో, తిరుపతిలో కీటకశాస్త్రం చదివే పిల్లలున్నారు. గ్రామీణాభివృద్ధి సంస్థల్లో తేనెటీగల పెంపకం నేర్చుకుని పెట్టెలు పెట్టినవాళ్లు ఎన్నో జిల్లాల్లో ఉన్నారు. జీడిమెట్ల, పటాన్‌చెరు, విశాఖ గాజువాక, గరివిడి చుట్టూ నాలుగు పెట్టెలు పెట్టి ఏడాదికి రెండుసార్లు ఈగల్ని పరీక్షిస్తే కాలుష్య నియంత్రణ మండలుల యంత్రాలు లేని చోట కూడా లెక్క తేలుతుంది. దీనికి కోట్ల రూపాయల పథకం అవసరం లేదు, ఎవరో ఒకరు మొదలుపెట్టడమే కావాలి. వ్యవసాయ కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్న విద్యార్థులు ఈ పేజీ కత్తిరించి దాచుకోండి.

మిగతా మనం చేయగలిగింది ఇంకా తేలిక. వాహనానికో, ఇన్వర్టర్‌కో కొత్త బ్యాటరీ కొన్నప్పుడు పాతదాన్ని పాత సామాను బండికి అమ్మకండి. అది ఏ ఊరి చివరో బహిరంగ కొలిమిలో కరుగుతుంది, సీసం పొగగా లేస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధిచేసే బాధ్యత తయారీదారులదే. కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చి రసీదు అడగండి. అపార్ట్‌మెంటు సన్‌షేడ్ కింద కొండ తేనెటీగల పట్టు కనిపిస్తే కాగడాతో కాల్చేవాళ్లను పిలవకండి. వాటి జోలికి పోకుండా ఉంటే కాలం మారగానే అవే ఖాళీ చేసి వెళతాయి. పిల్లలు తిరిగే చోటైతే, చంపకుండా తరలించేవాళ్లను పిలవండి. కుండీల్లో తులసి, టెకోమా ఉంటే వాటికి కాస్త మేత. ఇంటి మీద ఓ పళ్లెంలో గులకరాళ్లు వేసి, శుభ్రమైన నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి పెట్టండి. బురద గుంట దాకా పోయే పని తప్పుతుంది.